బార్‌బెల్ స్క్వాట్: నడుము సంగతి తరువాత, ముందు పాదాల కింద చూడండి

ప్రశ్న: నా వయసు 31, బరువు 74 కిలోలు. ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాను. జిమ్ముకు వెళ్లే వీలు లేక ఎనిమిది నెలల కిందట ఆరడుగుల రాడ్డు, ప్లేట్లు, రెండు విడి స్టాండ్లు కొనుక్కుని మా డాబా మీద రేకుల షెడ్డు కింద వారానికి మూడు రోజులు స్క్వాట్లు (రాడ్డును భుజాల మీద మోస్తూ కిందికి కూర్చుని లేవడం) చేస్తున్నాను. 70 కిలోల వరకు వచ్చాను. అయితే 60 దాటినప్పటి నుంచి లేచేటప్పుడు తుంటి ముందుగా పైకి వచ్చేస్తోంది, ఛాతీ వెనకబడి ముందుకు వంగిపోతున్నాను, మడమలు లేస్తున్నాయి. మరునాడు నడుము పట్టేస్తోంది, అదీ ఎక్కువగా కుడివైపు. చిన్నప్పుడు తాతయ్య దగ్గర రోజూ వంద బస్కీలు తీసినవాణ్ణి కాబట్టి ఇది నాకు తేలికే అనుకున్నాను. మోకాళ్లు కాలివేళ్లను దాటకూడదని ఒకరు, ఛాతీ పైకెత్తమని ఒకరు, బెల్టు కొనమని ఇంకొకరు చెబుతున్నారు. మోకాళ్లు అరిగిపోతాయని అమ్మ గొడవ. శిక్షకుడు లేకుండా ఇంట్లోనే ఫారం, అంటే చేసే తీరు, సరిచేసుకోవడం సాధ్యమేనా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

సమాధానం: సాధ్యమే. అయితే మీరు అడిగిన ప్రశ్నల కన్నా, మీరు యథాలాపంగా రాసిన రెండు మాటలు నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేశాయి. ఒకటి ‘డాబా మీద’, రెండోది ‘కుడివైపు’. నడుము పట్టేసిందనగానే అందరం నడుమునే సరిచేయాలని చూస్తాం. కానీ స్క్వాట్‌లో నేలను తాకేవి పాదాలు మాత్రమే. రాడ్డు మీద ఎంత బరువున్నా అదంతా ఆ రెండు పాదాల గుండానే నేలలోకి దిగాలి. అక్కడ కొద్దిపాటి తేడా వచ్చినా దాన్ని సర్దుకోవడానికి మోకాలు, తుంటి, నడుము ఒకదాని తరువాత ఒకటి తమ దారి మార్చుకుంటాయి. అందువల్ల ఈ జవాబు పాదాల కింద మొదలై పైకి వెళుతుంది.

అంతకు ముందు ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. వ్యాయామం చేసిన మరునాడు నడుము కండరాలు బిగుసుకుపోయి, రెండు రోజుల్లో అదే సర్దుకుంటే, దాన్ని ఫారం తప్పుగా భావించి సరిచేసుకోవచ్చు. నొప్పి పిరుదు మీదుగా కాలిలోకి పాకుతున్నా, కాలిలో తిమ్మిరి గానీ బలహీనత గానీ కనిపించినా, రాత్రి నిద్రలో లేపేంత నొప్పి ఉన్నా ఈ జవాబును పక్కనపెట్టి ఎముకల డాక్టరును కలవండి. మలమూత్రాల మీద పట్టు తప్పడం, తొడల మధ్య భాగం మొద్దుబారడం వంటివి జరిగితే ఒక్క రోజు కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. అవేవీ లేవనుకుని ముందుకు సాగుతున్నాను. ఏదేమైనా ఈ వారం 70 కిలోల జోలికి వెళ్లకండి.

ఇక డాబా సంగతి. వాన నీళ్లు నిలవకుండా శ్లాబు మీద గొట్టం వైపుకు వాటం పెట్టి గచ్చు చేయడం మేస్త్రీలందరూ చేసే పనే. నడిచేటప్పుడు ఆ వాలు మనకు తెలియదు, మంచం వేసుకుని పడుకున్నా తెలియదు. కానీ నూటికి ఒకటి చొప్పున వాలు ఉందనుకున్నా, ఒకటిన్నర అడుగు ఎడంగా పెట్టిన రెండు పాదాల మధ్య నాలుగైదు మిల్లీమీటర్ల ఎత్తు తేడా వస్తుంది. వాలు పక్కవాటుగా ఉంటే రాడ్డు ఒక వైపుకు ఒరుగుతుంది, దాన్ని నిలబెట్టడానికి నడుములో ఒక పక్క కండరం రెండో పక్క కన్నా ఎక్కువగా పనిచేయాల్సి వస్తుంది. మీరు నిలబడే దిక్కులోనే వాలు ఉంటే సమస్య మరో రూపంలో వస్తుంది. పల్లం వైపు ముఖం పెట్టి నిలబడితే బరువు మునివేళ్ల మీదికి జారుతుంది. మిట్ట వైపు ముఖం పెడితే మడమల కన్నా వేళ్లు ఎత్తులో ఉంటాయి కాబట్టి చీలమండ మరింత వంగాల్సి వస్తుంది, వంగలేకపోతే మడమ లేస్తుంది. మీ కుడి నడుము నొప్పికి ఇదే కారణమని ఉత్తరం చూసి తేల్చలేను. తేల్చుకోవడానికి ఒక గోళీ చాలు. మీరు పాదాలు పెట్టే చోట గోళీని వదలండి. అది ఎటు దొర్లితే అటు వాలు.

వాలు తేలితే రెండు మార్గాలున్నాయి. సాధనను కింది గదిలోకి మార్చుకోవడం తేలికైనది. గదిలో చోటు లేకపోతే 19 మిల్లీమీటర్ల మందం ప్లైవుడ్ తెచ్చి, నాలుగడుగుల వెడల్పున కోయించి, పల్లం వైపు అడుగున పలుచటి చెక్క బద్దలను జానెడు ఎడంలో వరసగా బిగించి, పైన రసమట్టం పెట్టి సరిచూసుకోండి. బద్దల మధ్య ఎడం ఎక్కువైతే బరువు కింద ప్లైవుడ్ కుంగుతుంది, అప్పుడు పడిన శ్రమంతా వృథా. స్టాండ్లు కూడా అదే మట్టానికి ఉండాలి. రెండు స్టాండ్ల మధ్య ఎత్తు తేడా ఉంటే మీరు సెట్టు మొదలుపెట్టకముందే వంకర భుజాలతో రాడ్డును ఎత్తుకుంటున్నట్టే. ప్లైవుడ్ మీద పలుచటి గట్టి రబ్బరు పరుచుకోవచ్చు గానీ యోగా చాప వద్దు. మెత్తటి నేల మీద బరువు మోసేటప్పుడు పాదం ప్రతిసారీ కొత్త చోట కుదురుకుంటుంది.

అదే కారణం చేత పరుగు బూట్లు కూడా వద్దు. వాటి అడుగున ఉండే స్పాంజి పరుగులో దెబ్బను మింగడానికి పెట్టింది, బరువు మోస్తున్నప్పుడు అది మీ నిలకడను మింగుతుంది. ఉత్త పాదాలతో చేయవచ్చు, లేదా గట్టి అడుగు ఉన్న మామూలు కాన్వాస్ బూట్లు వేసుకోవచ్చు. బడిపిల్లలు పీటీ రోజున వేసుకునేవి దీనికి బాగా పనికొస్తాయి.

మడమలు లేవడానికి మీ తాతగారి దగ్గర నేర్చుకున్న బస్కీలు కూడా కొంత కారణం కావచ్చు. తాలింఖానాల్లో తీసే బస్కీలో మునివేళ్ల మీదికి రావడం, చేతులు ఊపుతూ వేగంగా దిగి లేవడం ఆ పద్ధతిలో భాగమే. పిక్కలకు, తొడలకు, ఊపిరికి అది చక్కటి వ్యాయామం. ఒంటి బరువుతో చేస్తున్నంతకాలం మడమ లేచినా నష్టం లేదు. భుజాల మీద రాడ్డు ఉన్నప్పుడు మాత్రం కథ మారుతుంది. మీరూ రాడ్డూ కలిసి ఒకే బరువుగా పాదం మధ్యభాగం మీద, అంటే బూటు లేసు ముడివేసే చోటుకు సరిగ్గా పైన నిలవాలి. చిన్ననాటి అలవాటు వల్ల మీ కాళ్లకు కిందికి దిగడమంటే మునివేళ్ల మీదికి రావడమే అయి ఉంటుంది. ఆ అలవాటును బలవంతాన అణచడం కన్నా పాదానికి కొత్త పని నేర్పడం మేలు. బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు, మడమ అనే మూడు చోట్ల సమానంగా ఒత్తిడి తెలిసేటట్టు నిలబడి, ఒంటిని ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపుతూ మధ్య బిందువు ఎక్కడుందో కనుక్కోండి. ప్రతి సెట్టుకు ముందు ఈ పని చేయండి, పది సెకన్లు కూడా పట్టదు.

కాళ్లు భుజాల వెడల్పున పెట్టి, వేళ్లను 15 నుంచి 30 డిగ్రీల మేర బయటికి తిప్పండి. ఎవరికి ఎంత వెడల్పు, ఎంత తిప్పు నప్పుతుందన్నది తుంటి కీలు గూడు ఎలా ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది, కనుక ఇంకొకరి నిలుపును నకలు చేయవద్దు. రాడ్డు లేకుండా గొంతుక్కూర్చుని రకరకాల వెడల్పుల్లో చూసుకోండి. మడమలు నేలకు ఆని, మోకాళ్లు వేళ్లు చూపిస్తున్న దిక్కులోనే ఉండి, నడుము అతి తక్కువగా గుండ్రమయ్యే నిలుపు ఏదో అదే మీది.

చీలమండ ఎంత వంగుతుందో చూసుకోవడానికి గోడ దగ్గర ఒక చిన్న పరీక్ష ఉంది. గోడకూ బొటనవేలి కొసకూ మధ్య 10 సెంటీమీటర్ల దూరం, అంటే బెత్తెడు కన్నా కాస్త ఎక్కువ, ఉంచి మడమ లేవకుండా మోకాలిని గోడకు తాకించండి. తాకితే మీ చీలమండలకు లోటు లేదు, తప్పు అలవాటుదే. తాకకపోయినా, ఒక కాలికి తాకి మరో కాలికి తాకకపోయినా, అదే భంగిమలో రోజూ రెండేసి నిమిషాలు మోకాలిని ముందుకు నెడుతూ సాగదీయండి. అది లొంగడానికి నెలలు పట్టవచ్చు, ఈలోగా స్క్వాట్ ఆపాల్సిన పనిలేదు. మడమల కింద ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల మందం చెక్క పలకను కదలకుండా బిగించుకుని చేయవచ్చు. వెయిట్‌లిఫ్టర్లు వేసుకునే బూట్లకు మడమ దగ్గర సుమారు రెండు సెంటీమీటర్ల గట్టి ఎత్తు ఉండేది ఇందుకే. పలకకు బదులు చిన్న ప్లేట్లను మడమల కింద పెట్టుకునేవాళ్లను చూశాను. అవి జారుతాయి. మీరు ఆ పని చేయకండి.

ఇప్పుడు మీ అసలు ఫిర్యాదుకు వద్దాం: లేచేటప్పుడు తుంటి ముందుగా పైకి రావడం. అడుగుకు దిగేసరికి బరువు మునివేళ్ల మీదికి జారి, మీరు ముందుకు తూలబోతారు. పడిపోకుండా ఉండటానికి ఒళ్లు తనంతట తాను తుంటిని వెనక్కీ పైకీ నెడుతుంది. దాంతో మోకాళ్లు వేళకు ముందే నిటారవుతాయి, తొడలు చేయాల్సిన పని మధ్యలోనే ఆగిపోతుంది, మిగిలిన దూరమంతా రాడ్డును నడుము లాగాల్సి వస్తుంది. నాట్లు వేసే భంగిమలో వంగి ఉన్న మనిషి వీపు మీద 70 కిలోలు పెట్టి లేవమన్నట్టు ఉంటుంది. మీ కాళ్లు 70 కిలోలకు చాలవని దీని అర్థం కాకపోవచ్చు, కానీ ఇప్పటి మీ ఫారం 60 దగ్గరే చెడిపోతోందన్నది మాత్రం స్పష్టం.

దీనికి నేను ఎక్కువగా నమ్మే మందు, అడుగున ఆగడం. మూడు సెకన్లు లెక్కపెడుతూ దిగి, అడుగున రెండు సెకన్లు కదలకుండా ఉండి, ఆ రెండు సెకన్లలో మడమ నేలకు ఆని ఉందో లేదో మనసులో చూసుకుని, అప్పుడు లేవండి. వేగంగా దిగి ఎగిరి లేచేటప్పుడు దాగి ఉండే తప్పు, ఆగినప్పుడు దాక్కోలేదు. బరువు ముందుకు జారి ఉంటే ఆ రెండు సెకన్లలోనే కాలివేళ్లు బూటును గోకుతున్నట్టు తెలిసిపోతుంది. లేచేటప్పుడు ‘కాళ్లతో నేలను తొక్కాలి’ అనుకోవడంతో పాటు ‘వీపుతో రాడ్డును పైకి నెట్టాలి’ అని కూడా అనుకోండి. ఈ రెండో మాట వల్లనే భుజాలు తుంటితో సమానంగా పైకి వస్తాయి.

మీకు సలహాలిచ్చిన వాళ్ల మాటలు కూడా చూద్దాం. మోకాళ్లు వేళ్లను దాటకూడదన్నది చాలా జిమ్ముల్లో వేదవాక్కులా చలామణీ అవుతున్న మాట. 2003లో అమెరికాలో ఫ్రై అనే పరిశోధకుడు, ఆయన సహచరులు బరువులెత్తే అలవాటున్న ఏడుగురి చేత ఒకసారి స్వేచ్ఛగా, మరోసారి మోకాళ్లు ముందుకు రాకుండా ఎదురుగా పలక పెట్టి స్క్వాట్ చేయించి కొలిచారు. పలక పెట్టినప్పుడు మోకాలి మీద తిప్పే బలం ఐదోవంతుకు పైగా తగ్గింది, తుంటి మీద మాత్రం అది పది రెట్లకు పైగా పెరిగింది. కొలిచింది ఏడుగురినే అయినా, మోకాలిని అడ్డగిస్తే ఆ భారం తుంటి మీదికి, నడుము మీదికి మళ్లుతుందన్న సంగతి అందులో తేటగా కనిపిస్తుంది. శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లిన కరణం మల్లేశ్వరి 2000 సంవత్సరం సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో (ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాలకు, తరువాత తలపైకి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. వెయిట్‌లిఫ్టర్లు ఆ బరువుల కింద కూర్చునేటప్పుడు మోకాళ్లు వేళ్లను దాటే ఉంటాయి. నడుము నొప్పితో ఉన్న మీరు మోకాళ్లను బలవంతంగా వెనక ఉంచడానికి ప్రయత్నిస్తూ ఉంటే, నొప్పిని మీరే పిలుస్తున్నట్టు లెక్క. మడమ నేల మీద ఉన్నంతవరకు మోకాళ్లను వెళ్లనివ్వండి. అవి లోపలికి ముడుచుకోకుండా, వేళ్ల దిక్కులో వెళుతున్నాయా లేదా అన్నదే చూసుకోవాలి.

‘ఛాతీ ఎత్తండి’ అన్న సలహా సగమే నిజం. ముందుకు కూలిపోయేవాడికి అది పనికొస్తుంది, కానీ చాలామంది దాన్ని పాటించబోయి నడుమును విల్లులా వెనక్కి వంచుతారు, దానితో పక్కటెముకలు ముందుకు తోసుకొస్తాయి, కడుపు బిగువు పోతుంది. పక్కటెముకలను తుంటి మీద మూత పెట్టినట్టు నిటారుగా ఉంచి, దానిమీద ఊపిరి బిగించాలి. ఊపిరి బిగించడం ఎలాగో నేర్చుకోవడానికి రెండు చేతులూ నడుముకు ఇరువైపులా పెట్టుకుని ఒక్కసారి దగ్గండి. అప్పుడు చేతుల కింద కండ ఎలా గట్టిపడిందో, రాడ్డు కింద అలాగే గట్టిపడాలి. భుజాలు ఎగరేయకుండా కడుపులోకి, పక్కలకు, నడుము వెనక్కు గాలి నింపుకుని, ఎవరో పొట్టలో గుద్దబోతున్నట్టు బిగించి, దిగి, లేచేటప్పుడు కష్టమైన భాగం దాటాక వదలండి. ప్రతి రెప్‌కు (అంటే ఒక్కో దిగి లేవడానికి) పైన నిలబడి కొత్తగా ఊపిరి తీసుకోండి. ఇలా బిగించినప్పుడు రక్తపోటు కాసేపు బాగా పెరుగుతుంది, కనుక బీపీ, హెర్నియా, గ్లకోమా (నీటికాసులు) ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ఈ పద్ధతిలో బరువులు ఎత్తకూడదు. మీ వయసుకు అవేవీ ఉండవనుకోకుండా మీ బీపీ ఒకసారి చూపించుకోండి. తిన్న వెంటనే కూడా ఇది వద్దు, గంటన్నరైనా ఆగాలి.

రాడ్డు విషయానికొస్తే, ముందు దాన్ని తూచండి. 25 మిల్లీమీటర్ల మందం ఉన్న గట్టి ఇనుప రాడ్డు ఆరడుగులకు సుమారు ఏడు కిలోలు ఉంటుంది, 28 మిల్లీమీటర్లది తొమ్మిదికి దగ్గరగా ఉంటుంది. పోటీల్లో పురుషులు వాడే ఒలింపిక్ రాడ్డు 20 కిలోలు. మీరు దాన్ని ఇరవైగా లెక్కగట్టి ఉంటే మీ 70 అసలు 60 కూడా కాకపోవచ్చు. బాధపడకండి, ఎవరూ లెక్క చూడటం లేదు. ప్లేట్లను కూడా ఒకటొకటిగా తూచి, సమానంగా ఉన్న జతలను రెండు వైపులా ఎక్కించండి. అచ్చుపోసిన ప్లేట్ల మీద రాసి ఉన్న అంకెకూ తూకానికీ తేడా ఉండటం అరుదేమీ కాదు. కుడివైపు అరకిలో ఎక్కువ మోస్తూ ఎనిమిది నెలలు గడిపి ఉంటే అదీ ఈ లెక్కలోకి రావాల్సిందే.

స్టాండు కొక్కేలు మీ ఛాతీ మధ్య ఎత్తులో ఉండాలి. రాడ్డు కింద దూరి కొద్దిగా మోకాళ్లు వంచి లేపితే అది పైకి రావాలి. మునివేళ్ల మీద లేచి రాడ్డును అందుకోవాల్సి వస్తుంటే, అలసిపోయి తిరిగి పెట్టేటప్పుడు కొక్కెం తప్పడం ఖాయం. మీకు రాడ్డును మెడ మీద పొడుచుకొచ్చే ఎముకకు కింద, భుజాల మధ్య ఉన్న కండ మీద నిలపడం సరిపోతుంది. ఇంకా కిందికి దించి వీపు మీద మోసే పద్ధతి పవర్‌లిఫ్టర్లలో ఎక్కువ, అందులో ఒళ్లు సహజంగానే మరింత ముందుకు వంగుతుంది, మీకు ఇప్పుడు అది అక్కరలేదు. రాడ్డుకు లావాటి స్పాంజి గొట్టం తొడగకండి. నొప్పి తగ్గినట్టు అనిపిస్తుంది గానీ రాడ్డు మెడ వైపుకు దొర్లడానికి దానివల్లే వీలు దొరుకుతుంది. చేతులతో రాడ్డును గట్టిగా పట్టుకుని, వీపు కండరాలను దగ్గరకు లాగి, రెండు మూడు అడుగుల్లో వెనక్కి వచ్చి నిలబడండి. ఏడెనిమిది అడుగులు వెనక్కి నడిచి వెళ్లేవాళ్లు సెట్టుకు దాచుకోవాల్సిన బలాన్ని దారిలోనే ఖర్చు పెట్టేస్తారు.

శిక్షకుడి కన్నుకు బదులు ఫోను కావాలి, అద్దం కాదు. ఎదుట అద్దంలో ఒక భుజం కిందికి వాలిందా అన్నది కనిపిస్తుంది గానీ ఎంత లోతుకు దిగారో, రాడ్డు ఏ దారిలో కదిలిందో కనిపించదు. పక్కనున్న అద్దంలో చూడాలంటే బరువు కింద మెడ తిప్పాల్సి వస్తుంది, అది ఇంకా ప్రమాదం. ఫోనును మీ తుంటి ఎత్తులో, సరిగ్గా పక్కన, రెండు మూడు మీటర్ల దూరంలో పెట్టండి. నేల మీద గోడకు ఆనించి పెడితే కింది నుంచి తీసిన వీడియోలో మీరు ఎంత లోతుకు దిగారో సరిగ్గా తెలియదు, దాన్ని నమ్మి ఇంకా దిగబోయి నడుము గుండ్రం చేసుకున్నవాళ్లున్నారు. రాడ్డు చివర తెల్ల టేపు ముక్క అతికించండి. వీడియో ఆడిస్తూ ఆ తెల్లచుక్క మీదే కన్ను పెడితే, అది లేసుముడికి పైన దాదాపు నిట్టనిలువుగా దిగి లేవాలి. మీ విషయంలో, అడుగున అది వేళ్ల వైపుకు ఒక కొక్కెంలా తిరుగుతూ కనిపిస్తుందని నా అంచనా. రెండో సెట్టుకు ఫోనును వెనకకు, కాస్త మూలగా మార్చి తీస్తే తుంటి ఒక పక్కకు జరుగుతోందా అన్నది బయటపడుతుంది. మొదటి సెట్టు తీసి ఊరుకోవద్దు, ఆఖరి సెట్టును తప్పక తీయండి, ఎందుకంటే తప్పులు అలసటతోనే బయటికి వస్తాయి. వీడియోలను రాత్రి తీరిగ్గా చూసుకోవడం కన్నా సెట్టుకూ సెట్టుకూ మధ్య ఒళ్లు వేడిమీద ఉన్నప్పుడే చూసుకుంటే, కనిపించిన తప్పుకూ ఒంట్లో తెలిసిన అనుభూతికీ లంకె పడుతుంది.

అడుగున కటి లోపలికి మడుచుకుని నడుము కాస్త గుండ్రమవడం వీడియోలో కనిపిస్తే కంగారుపడకండి. కొద్దిగా అందరికీ జరుగుతుంది. అది ఒక్కసారిగా, పెద్దగా జరుగుతున్న చోటును గుర్తించి, దానికి వేలెడు పైనే ఆగండి. తుంటి మడత మోకాలి పైభాగం కన్నా కిందికి దిగాలన్నది పవర్‌లిఫ్టింగ్ పోటీల నియమం. మీరు పోటీకి వెళ్లడం లేదు.

ఇక బరువు. మీ వీడియోలో ప్రతి రెప్ ఒకేలా కనిపించే బరువు దగ్గరికి వెనక్కి రావాలి, బహుశా అది 40కి దగ్గరగా ఉంటుంది. మొదటి రెండు వారాలు రాడ్డు పక్కనపెట్టి, పది కిలోల డంబెల్లు గానీ ప్లేటు గానీ ఛాతీకి ఆనించి పట్టుకుని స్క్వాట్ చేయండి. అదీ లేకపోతే పది కిలోల బియ్యం సంచి ఉంది. బరువు ముందు ఉండటం వల్ల అది త్రాసులో ఎదురుతూకంలా పనిచేసి మడమల మీద కూర్చోవడాన్ని దానంతట అదే నేర్పిస్తుంది, చెప్పేవాళ్లు లేని చోట ఇంతకన్నా మంచి గురువు నాకు తెలియదు. మూడో వారం నుంచి రాడ్డుతో, అడుగున రెండు సెకన్లు ఆగుతూ, ఐదేసి రెప్స్ మూడు సెట్లు, వారానికి రెండు రోజులు చేస్తే చాలు. ఉత్త రాడ్డుతో రెండు సెట్లు ఒళ్లు వేడెక్కడానికి అదనం. మూడు సెట్లలోని పదిహేను రెప్స్‌లోనూ మడమ లేవకపోతే, తెల్లచుక్క దారి తప్పకపోతే, తరువాతి వారం పక్కకు 1.25 కిలోల చొప్పున మొత్తం 2.5 కిలోలు పెంచండి. ఒక్క రెప్ చెడినా అదే బరువు మళ్లీ చేయండి. ఒకేసారి రెండు తప్పులు దిద్దబోకండి. ఈ రెండు నెలలు మీ ధ్యాస మడమ మీదే, మోకాళ్లు లోపలికి ముడుచుకోవడం వంటివి కనిపించినా రాసిపెట్టుకుని తరువాత చూద్దురు గాని.

బెల్టు కొనమన్న మిత్రుడికి నా తరఫున వద్దని చెప్పండి. కడుపు బిగించినప్పుడు నెట్టడానికి ఎదురుగా ఒక గోడ ఉండటమే బెల్టు పని, బిగించడం రానివాడికి ఆ గోడ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఆ డబ్బుతో పక్క స్టాండ్లు కొనండి, అంటే మీరు అడుగున ఉన్నప్పుడు రాడ్డుకు రెండు మూడు అంగుళాల కింద ఉండి, లేవలేకపోతే రాడ్డును ఆపే రెండు ఊతాలు. ఇది అనుభవం మీద చెబుతున్నాను. పదేళ్ల కిందట అద్దె ఇంట్లో, పక్కన ఎవరూ లేనప్పుడు, ఇంకొక్క రెప్ వస్తుందనుకుని దిగి లేవలేక రాడ్డును వెనక్కి వదిలేశాను. నాకు ఏమీ కాలేదు. రెండు టైల్స్ పగిలాయి, ఒక ప్లేటు ఊడి వాకిలి దాకా దొర్లుకుంటూ వెళ్లింది. ఇంటి యజమానికి కట్టిన డబ్బుకు ఆ రోజుల్లో మంచి పక్క స్టాండ్లు వచ్చేవి. అవి వచ్చేదాకా ఏ సెట్టులోనైనా ఇంకా రెండు మూడు రెప్స్ తీయగల బలం మిగిలి ఉండగానే ఆపేయండి. మీ రెండు విడి స్టాండ్లు ఒకదానికొకటి అతికి లేవు కాబట్టి, వాటి అడుగున బరువు పెట్టడమో, మధ్యలో అడ్డ కడ్డీ వెల్డింగు చేయించడమో చేసుకోండి. ప్లేట్లు తీసేటప్పుడు ఒక పక్కవన్నీ తీసేసి రెండో పక్కకు వెళ్లకండి. కురచ రాడ్డు ఒరిగి, బరువున్న పక్క స్టాండునూ వెంట లాక్కుని పడుతుంది.

మీ అమ్మగారి భయాన్ని కొట్టిపారేయకండి. చెడిన ఫారంతో, దుడుకుగా పెంచిన బరువుతో మోకాళ్లు నొప్పి పుట్టడం నిజమే. ఆరోగ్యంగా ఉన్న మోకాలు మెల్లగా పెంచిన బరువుకు మాత్రం అలవాటు పడుతుంది. మోకాలు వాచినా, మధ్యలో పట్టేసి కదలనని మొరాయించినా ఆపి చూపించుకుంటానని ఆమెకు మాటివ్వండి. బరువెక్కువ ఉన్న రోజున ఆమెను ఒకసారి పైకి పిలిచి, ఏ ప్లేటును ముందు లాగాలో, ప్లేట్లు జారకుండా రాడ్డుకు బిగించే కాలరు ఎలా వదులవుతుందో చూపించి పెట్టండి. సాధన చేస్తున్నంతసేపు మెట్ల తలుపుకు గడియ వేయవద్దు.